బర్రె కన్ను

ఒక మనిషి చేత కుంచె వదిలించింది నేను. ఈ మాటను ఇన్నేళ్లు గొంతులోనే అదిమిపెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, బహుశా అందుకే.

నేను బోధన్‌లో ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచర్ని. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో పాకం కాచేచోట పనిచేసి, ఊపిరి అందని జబ్బుతో పోయాడు. సంవత్సరీకం నాటికి ఆయన ఫోటో ముందు పెట్టుకొని పెద్ద బొమ్మ గీశాను. మీసంలో ఒక్క వెంట్రుక కూడా వదలలేదు. వచ్చినవాళ్లంతా అచ్చం ఆయనే అన్నారు. అవ్వ ఏడ్చింది.

అప్పుడు సాదిక్ వచ్చాడు. మా వీధివాడే, నాకన్నా చిన్నవాడు. వాళ్లది తాతల నాటి నుంచి రేకుపెట్టెలు చేసే కుటుంబం. హైదరాబాదులో చిత్రకళ చదివి వచ్చి, మగపిల్లల బడిలో నాలాగే డ్రాయింగు చెప్పేవాడు. బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. అందరూ వింటుండగా అన్నాడు.

"ఫోటోకు నకలు కొట్టినవక్కా. మీసాలున్నయ్, టోపీ ఉన్నది. గీ బొమ్మల మీ బాపు ఏడున్నడు?"

మరునాడు అవ్వ ఆ బొమ్మను దించి గోడవైపు తిప్పిపెట్టింది. ఎందుకని అడిగాను.

"ఆ పిలగాడన్నది నిజమే బిడ్డా. మీ బాపు గిట్ల సూడడు."

సాదిక్ మాటకన్నా ఆ మాట లోతుగా దిగింది. కన్నతల్లి మీద పగ ఎలా పడతాం? సాదిక్ మీద పట్టాను. ఆ తర్వాత కూడా అతన్ని నవ్వుతూ పలకరించాను. ఇంటికొస్తే చాయ్ ఇచ్చాను. లోపల మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నాను.

కొన్నేళ్లకు, ఎండాకాలం సెలవుల్లో, తన బొమ్మల ప్రదర్శనకు మా బడి హాలు కావాలన్నాడు. పెద్ద టీచరమ్మతో మాట్లాడి ఇప్పించింది నేనే. తాళంచెవి నా దగ్గరే ఉండేది. ముందుగానే తెచ్చి గోడలకు పెట్టిన వాటిలో ఒకటి చాలా పెద్దది. అడుగున నల్లటి గోధుమరంగు గడ్డకట్టినట్టు పేరుకొని ఉంది. మధ్యలో వాలుగా ఎర్రటి చీలిక. పైన బూడిదరంగు. మనిషి లేడు, చెట్టు లేదు. దీన్ని ఏమని ఎగతాళి చేయాలో కూడా నాకు తెలియలేదు.

"ఇది ఏంది సాదిక్?"

"పేరు పెట్టలేదక్కా. ఏంది అని ఎతకకు. జరసేపు దాని ముంగట కూసో. ఏ రంగు బరువున్నది, ఏది ఎటు గుంజుతున్నది, గంతే చూడు."

కూర్చున్నాను. అతని మీద ప్రేమతో కాదు, దెబ్బకొట్టడానికి సందు దొరుకుతుందని. మొదట ఒలికిపోయిన రంగులే కనిపించాయి. రోజూ మధ్యాహ్నం వెళ్లి కూర్చునేదాన్ని. ఒకనాడు వెతకడం మానేశానని నాకే తెలియలేదు. బయట ఎడపల్లి దిక్కు నుంచి ఆ ఏటి చివరి చెరుకు బండ్లు వస్తున్నాయి. కిటికీలోంచి చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన. ఆ గోధుమరంగు నా ఛాతీమీద కూర్చుంది. దాని కింద నుంచి ఎరుపు పైకి రావాలని పెనుగులాడుతోంది, రాలేకపోతోంది. పైన బూడిద కదలదు. అది బాపు ఊపిరి. చివరి చలికాలం మంచం పట్టె పట్టుకొని గాలి కోసం వంగిపోయిన బాపు. సాదిక్ ఆయన్ను తలుచుకొని గీశాడో లేదో నాకు తెలియదు. నా బొమ్మలో లేని మనిషి అందులో ఉన్నాడు.

ఏడ్చాను. పగ అక్కడితో చల్లారాలి కదా? ఎందుకు చల్లారలేదు? అతను అన్నది నిజమని తేలిపోయింది, అదే నేను సహించలేకపోయాను. తప్పుడు మాట అయి ఉంటే ఏనాడో మరిచిపోయేదాన్నేమో.

బొమ్మ ఎక్కడ బతికి ఉందో తెలిసింది గనుక, దాన్ని ఎక్కడ చంపాలో కూడా తెలిసింది. చింపితే ఊరంతా అతనిమీద జాలిపడుతుంది. నేను చింపలేదు. ప్రదర్శన ముందురోజు పొద్దుగూకాక తాళం తీసి లోపలికి వెళ్లి, గోధుమరంగు ఉబ్బినచోట ఒక తెల్లచుక్క పెట్టి, దాని నడుమ నలుపు అద్దాను. పైన బూడిదరంగు గీతను కొంచెం సాగదీసి కొమ్ములా వంచాను. అంతే. ఊపిరి బర్రె అయింది.

తెల్లారి నిజామాబాద్ నుంచి వచ్చిన పెద్దలను వెంటబెట్టుకొని సాదిక్ హాల్లోకి వచ్చాడు. వెనకనుంచి ఎవరో "బర్రె" అన్నారు. హాలంతా నవ్వింది. ఒక పెద్దమనిషి మంచితనంతోనే అతని వీపు తట్టి, "ఇగ సమజైంది. బర్రె మంచిగొచ్చింది" అన్నాడు. సాదిక్ దగ్గరకు వెళ్లి ఆ చుక్కను చూశాడు. అతని మొహం పాలిపోయింది. నాకు హాయిగా ఉండింది. రాయడానికి అన్నిటికన్నా కష్టంగా ఉన్న మాట ఇదే.

సాయంత్రం కాకముందే బొమ్మలన్నీ దించేశాడు.

"మా బడి పిలగాండ్లెవరో కిటికీలకెళ్లి దూరి చేసిండ్రు కావచ్చు. నువ్వొక్కదానివే నవ్వలేదక్కా."

నేను అతని బొమ్మల కట్టకు తాడు బిగించడంలో సాయం చేశాను.

ఆ పేరు ఊళ్లో అతనికి అంటుకుపోయింది. బర్రె సాదిక్. తరగతిలో అతను బోర్డువైపు తిరిగితే పిల్లలు బర్రెల్లా అరిచేవారట. కొంతకాలానికి ఉద్యోగం వదిలి నాందేడ్‌లో మేనమామ బట్టల దుకాణానికి వెళ్లిపోయాడు. మొన్నామధ్య అతని చెల్లెలు బజారులో కనిపించింది. "అన్న రంగు ముట్టుకుంటలేడక్కా. దుకాణం బోర్డు సుత వేరేటోళ్లతోని రాయించిండు" అంది.

నాందేడ్ ఎంతో దూరం కాదు. వెళ్లలేదు. వెళ్లి ఏమంటాను? అవ్వ గోడవైపు తిప్పిన ఆ బొమ్మ గుర్తొస్తే ఈనాటికీ నా పళ్లు బిగుసుకుంటాయి. సగం పశ్చాత్తాపంతో క్షమాపణ ఎలా అడగను?

తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. ఈ ఊళ్లో ఆ బొమ్మ అర్థమైన మనిషిని నేనొక్కదాన్నే. ఆ చుక్క పెట్టింది నేనే. రాసేశాను. మీరు ఏమనుకున్నా సరే, ఇక దీన్ని నేనొక్కదాన్నే మోయక్కరలేదు.