ఉయ్యాలెక్కిన రౌటర్

ఇంట్లో వస్తువుతో తగాదా పడని మనిషి ఉండడు. ఒకరికి మిక్సీతో పేచీ, ఇంకొకరికి స్కూటర్‌తో. నేను మాత్రం అరచెయ్యంత నీలం డబ్బాతో తగాదా పెట్టుకుని, గర్భిణి అయిన భార్యను చేజేతులా పుట్టింటి రైలెక్కించేదాకా తెచ్చుకున్నాను. ఇల్లు కాలలేదు, కాలు విరగలేదు, పరువొక్కటే పోయింది. అది కూడా వాయిదాల పద్ధతిలో, ఒక వారంపాటు పోయింది. మీరు హాయిగా నవ్వుకోండి, అప్పట్లో నాకు ఏడుపొక్కటే తక్కువ.

మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని మాదాపూర్‌లో తిరిగేవాణ్ణి చూసి జనం పక్కకు తప్పుకుని దారిచ్చే రోజులవి. ఆ కార్డు నాకూ ఒకటుండేది. నా ఉద్యోగమేమిటో కూడా వినండి. సముద్రాల అవతల ఏ ముసలమ్మ ఇంట్లోనైనా వైర్‌లెస్ ఇంటర్నెట్ మొరాయిస్తే, ఆవిడ ఫోన్ చేసేది మా ఆఫీసుకే. "కంగారు పడకండి, నేనున్నాను" అని ఇంగ్లీషులో ధైర్యం చెప్పి బాగుచేయించడం నా పని. అందులో నాకు మంచి పేరే ఉండేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నది ఎవరి గురించో నాకు అప్పటికింకా తెలియదు.

మేము కాప్రాలో, చెరువుకు దగ్గర్లో, యాదగిరి గారింట్లో మేడమీద వాటాలో ఉండేవాళ్ళం. పొద్దున ఏడింటికి కంపెనీ బండి ఎక్కితే మళ్ళీ రాత్రి భోజనాల వేళకు దిగేవాణ్ణి. మా ఆవిడ వాణికి ఏడో నెల వచ్చింది. పురిటికి తీసుకెళ్ళడానికి బొబ్బిలి నుంచి మా అత్తగారు దిగారు. వాణికేమో వెళ్ళాలని లేదు. మొదట్నుంచీ చూస్తున్న డాక్టరమ్మ ఇక్కడికి దగ్గర్లో, కార్ఖానా అనే పేటలోనే ఉంది, ఆవిడ మీద బాగా గురి. ఇక నా సంగతి. పెళ్ళై రెండేళ్ళు కాలేదు. వాణి లేని ఇంటి తాళం తియ్యడమనే ఊహకే నాకు నీరసం వచ్చింది. ఆ మాటే అత్తగారికి మర్యాదగా చెప్పాను.

ఆవిడ సాంతం విని, "పగలల్లా మనిషి లేని ఇంట్లో పిల్లనెలగ ఒదిలీసి వెళ్తాను బాబూ? అక్కడ మీ మావఁగారికి కాఫీ ఇచ్చే దిక్కు లేదు. మీరు ఇంట్లో ఉంటానంటే సరే. లేదంటే నాతోపాటే పట్టుకుపోతాను" అన్నారు.

నేను మా మేనేజరు కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇంట్లోంచే పనిచేస్తానని అడగడం ఆ రోజుల్లో పెళ్ళి మండపంలోంచే విడాకులు అడిగినంత వింత. ఆయన చాలాసేపు ఆలోచించి, ఒక వారం చూద్దామన్నాడు. శుక్రవారం నాడు తానే ఫోన్ చేసి పరీక్షిస్తాననీ, లైను సరిగ్గా నిలిస్తే పురుడయ్యేదాకా ఇంట్లోనే కూర్చోవచ్చనీ, లేకపోతే సోమవారం బండి ఎక్కాలనీ తేల్చేశాడు. నేను పొంగిపోయాను. వైర్‌లెస్ నిలబెట్టడం కూడా నాకొక లెక్కా?

సోమవారం పొద్దున్నే లుంగీ కట్టుకుని, పడగ్గదిలో మంచమెక్కి, వెనక రెండు దిండ్లు వేసుకుని, ఆఫీసువాళ్ళిచ్చిన కొత్త ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను. హాల్లో అత్తగారి టీవీ, కూరగాయల కత్తిపీట ఉంటాయి కాబట్టి నా రాజ్యం పడగ్గదే. పది నిమిషాలు దివ్యంగా నడిచింది. తర్వాత పోయింది. కాస్త ఎడమకు ఒత్తిగిలాను, వచ్చింది. దిండు సర్దుకున్నాను, పోయింది. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని హాల్లోకి పరిగెత్తి ఆ నీలం డబ్బా, అదే రౌటర్, ముందు నిలబడితే భేషుగ్గా ఉంది. తిరిగి మంచమెక్కితే మళ్ళీ పోయింది. అదే వాణి భోజనాల బల్ల మీద పెట్టుకుని తన ఈమెయిల్ ఉత్తరాలు చూసుకుంటే ఒక్కసారి కూడా పోలేదు.

"ఇంటికి ఇల్లాలే లక్ష్మి" అని అత్తగారు వంకాయలు తరుగుతూ తీర్పు చెప్పారు.

నేను శాస్త్రం తెలిసినవాణ్ణి, లక్ష్ములతో సరిపెట్టుకోలేను. కేబుల్ అతన్ని పిలిపించి దులిపేశాను. అతను తన మీటరు పెట్టి చూసి, "లైన్ మంచిగనే ఉన్నది సార్" అని అయిదోసారి చెప్పి వెళ్ళిపోయాడు. ఆడలేక మద్దెల ఓడంటారు, నేను మద్దెలతో ఆగకుండా మద్దెల పెట్టిన గోడనూ, గోడకానించిన బీరువానూ కూడా తిట్టాను. చివరికి నేను తేల్చిందేమిటంటే, హాలుకూ పడగ్గదికీ మధ్య ఇనప బీరువా అడ్డం. బీరువా జరుపుదామన్నాను. అత్తగారి వాస్తు ప్రకారం అది నైరుతిలోనే ఉండాలట, కదపకూడదట. సరే, రౌటర్‌నే ఎత్తులో గోడకు బిగిద్దామని మేకూ సుత్తీ తీశాను. గర్భిణి ఉన్న ఇంట్లో గోడకు మేకు కొట్టకూడదట. అప్పటికే నన్ను మంగలి దగ్గరికి వెళ్ళనివ్వక, నా తల కొబ్బరిపీచులా ఉంది. ఏ పని చేద్దామన్నా దానికో కూడదు ఎదురొచ్చేది.

నిచ్చెన అడుగుదామని కిందికి వెళ్ళి యాదగిరి గారి దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన నాతోపాటు పైకొచ్చి, హాలు కప్పు వంక చూసి, "గింత పరేషాన్ ఎందుకు సార్? మేకెందుకు? పైన కొక్కెం ఉన్నది గద. మా పిల్లల ఊయల దానికే కట్టినం. మస్తు గట్టిది, మీరు ఊగినా ఊడది" అన్నారు.

ఎంత మంచి మాట. మేకు అక్కర్లేదు, బీరువా నెత్తిమీదుగా సిగ్నల్ నేరుగా పడగ్గదిలోకి దూకుతుంది. అత్తగారు స్నానానికి వెళ్ళిన సమయం చూసి, వాణి పాత నూలుచీర ఒకటి తీసి ఆ కొక్కేనికి కట్టి, రౌటర్‌ను అందులో పడుకోబెట్టాను. అది రెండు యాంటెనాలూ పైకెత్తి, ఎత్తుకోమని చేతులు చాపిన పసిబిడ్డలా ఉంది. ఏ వైపు తిప్పితే సిగ్నల్ బాగా వస్తుందో చూద్దామని మెల్లగా ఊపాను. సరిగ్గా అప్పుడే అత్తగారు తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చారు.

"ఏటి బాబూ ఇది?"

"రౌటరండీ. ఎత్తులో ఉంటే సిగ్నల్ బాగుంటుందని."

"అందులో ఏటుందని నేనడగలేదు. బిడ్డ పుట్టకుండా ఇంట్లో ఉయ్యాలెలగ కట్టేరని అడుగుతున్నాను. ఖాళీ ఉయ్యాల ఊపకూడదని మీకెవరూ చెప్పలేదా?"

ఇక్కడ తెలివైనవాడు తల వంచుకుంటాడు. నేను వాదించాను. "ఖాళీది కాదండీ, లోపల రౌటర్ ఉందిగా" అన్నాను.

యాదగిరి గారు "నేను జెర మోటరు బంద్ చేసొస్త" అని గొణిగి మెట్లు దిగిపోయారు. ఆయన మళ్ళీ రెండు రోజులదాకా పైకి రాలేదు. అత్తగారు స్టూలు తెప్పించుకుని ఉయ్యాల తనే విప్పారు, రౌటర్‌ను నా చేతిలో పెట్టారు, శనివారం రైలుకి రెండు టిక్కెట్లు తియ్యమని వాణికి చెప్పారు. వాణి నా ముఖం చూసింది, వాళ్ళమ్మ ముఖం చూసింది, భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆ టిక్కెట్లు తీసేటప్పుడు మాత్రం ఇంటర్నెట్ చుక్క కూడా తొణకలేదు.

శుక్రవారం వచ్చింది. మేనేజరు లైను బాగుందంటే అత్తగారి మనసు మారుతుందేమోనన్నది నాకు మిగిలిన ఒకే ఒక్క ఆశ. వాణి మంచానికి ఆ చివర కూర్చుని చీరలు మడతపెట్టి సూట్‌కేసులో సర్దుతోంది. ఒక్కో చీరా లోపలికి వెళ్తుంటే బీరువాలో ఇంకెన్ని మిగిలాయో లెక్కపెడుతున్నాను. నవ్వించడానికి కూర్చున్నాను కదా అని ఆ బాధ దాచను. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మేనేజరు సెల్‌ఫోన్‌లో, స్పీకరు మీద ఉన్నాడు. ఆయన నా ఒళ్ళో ఉన్న ల్యాప్‌టాప్ తెర తన దగ్గర్నుంచే చూడాలి, నేను చూపించాలి. చూపించడం మొదలుపెట్టీ పెట్టగానే పోయింది. వచ్చింది. మళ్ళీ పోయింది.

"ఇదేనా మీరు చెప్పిన ఏర్పాటు?" అని సెల్‌ఫోన్ అడిగింది.

నేను బీరువా గురించి చెప్పబోతుంటే వాణి చీర మడతపెట్టడం ఆపి, మంచం మీద పక్కకు వంగి, నా ఒళ్ళోకి తొంగిచూసింది.

"ఏవండీ, ఒకసారి పొట్ట లోపలికి పీల్చండి."

"ఇప్పుడా?"

"పీల్చండి."

పీల్చాను. తను వేలు పెట్టి ఏదో జరిపింది. ఇంటర్నెట్ వచ్చింది.

"ఇప్పుడు వదలండి."

వదిలాను. ఇంటర్నెట్ పోయింది.

ఆ ల్యాప్‌టాప్ ముందంచున, సరిగ్గా నా పొట్టకు ఆనుకునే చోట, వైర్‌లెస్‌కు బుల్లి స్విచ్చి ఒకటుంది. అటు జరిపితే ఉంటుంది, ఇటు జరిపితే పోతుంది. దాని పక్కన నీలం దీపం వెలుగుతూ ఆరుతూ వారం రోజులుగా నాకు సైగలు చేస్తూనే ఉంది, కాని నా కంటికీ దానికీ మధ్య కొండ అడ్డం. వాణి కోసమని అత్తగారు తెచ్చిన సున్నుండలు, వికారంతో తను ముట్టకపోతే, పారెయ్యడం పాపమని నేను తిన్నవన్నీ అక్కడ పేరుకున్నాయి. పొట్ట తోసేది, పైనున్న లుంగీ ముడి స్విచ్చిని జరిపేది. ఎడమకు ఒత్తిగిలినా, ల్యాప్‌టాప్ చంకలోకి తీసుకున్నా మళ్ళీ అదే వెనక్కి లాగేది. పైగా మా ఆఫీసులో ఎవరు ఫోన్ చేసినా మేమడిగే మొట్టమొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "అమ్మా, మీ ల్యాప్‌టాప్‌కున్న వైర్‌లెస్ స్విచ్చి వేసి ఉందా?" శకునం చెప్పే బల్లి కుడితిలో పడడం మీరు వినే ఉంటారు, నేనందులో ఈత కూడా కొట్టాను.

సెల్‌ఫోన్ కారణమేమిటని అడిగింది. మా పద్ధతి ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ కారణం రాసి మూసెయ్యాలి. "వినియోగదారుడి వైపు అడ్డంకి సార్" అన్నాను.

వాణి పక్కనుంచి ఆ ఫోన్‌కు వినబడేలాగే అంది, "నాది రెండు నెలల్లో దిగిపోతుంది. మీ సంగతే తెలియడం లేదు."

ఫోన్‌లో మేనేజరు దగ్గో నవ్వో తెలియని చప్పుడు చేసి, ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టుకునే షరతు మీద పురుడయ్యేదాకా ఇంట్లోనే ఉండమన్నాడు. నేను భయంభయంగా గుమ్మం వైపు చూశాను. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, మంచం మీదున్న సూట్‌కేసు మూత వేసేశారు.

"ఆ టిక్కెట్లు కేన్సిల్ చేసీండి బాబూ. ఒక్కర్తిని తీసుకుపోదామని వచ్చాను. ఇద్దర్ని మోసుకుపోడం నా వల్ల కాదు. మీ మావఁగార్నే ఇక్కడికి రమ్మంటాను."

ఆ రోజు అగ్నిసాక్షిగా, అంటే గ్యాస్ పొయ్యి సాక్షిగా, ఒక ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఇంట్లో ఏ యంత్రం మొరాయించినా ముందు పొట్ట లోపలికి పీల్చి, ఆ తర్వాతే ఇతరుల మీద నేరం మోపుతాను. ఆ మాట ఇప్పటికీ తప్పలేదు. పొట్ట తగ్గించుకుంటానని మాత్రం ఒట్టు పెట్టుకోలేదు, ఆ పూట అత్తగారు మళ్ళీ సున్నుండలు చేస్తున్నారు.