మూత తీసి వాసన చూసే ప్రయూన్

థోన్‌బురి బట్టల బజారు ఆడవాళ్లు ఊరు కదిలారంటే తిండి కోసమే. ఇంట్లో మాత్రం గుళ్లకి వెళ్తున్నామని చెబుతారు, అది వేరే సంగతి. ఫోనులో చుక్కలు పడ్డ హోటళ్లు వాళ్లకి పనికిరావు. అక్కడికి అందరూ వెళ్తారు, తిరిగొచ్చాక చెప్పుకోవడానికేముంటుంది? ఎవరి నోటా పడని కొత్త కొట్టు కావాలి. దాన్ని తామే కనిపెట్టామని ఏడాది పొడుగునా బజారంతా చాటుకోవాలి.

అలాంటి కొట్టు వెతికిపెట్టే మనిషి ప్రయూన్, వాళ్ల వ్యాన్ డ్రైవరు.

వ్యాన్ ఎవరైనా నడుపుతారు. ప్రయూన్ గొప్పంతా అతని ముక్కులో ఉంది. కొత్త ఊళ్లో కొత్త కొట్టు ముందు బండి ఆపుతాడు. ఆడవాళ్లు ఏసీలో కూర్చుని అద్దంలోంచి చూస్తుంటారు. అతను దిగి, కొట్టు ముందు వరసగా పెట్టిన గిన్నెల దగ్గరికి వెళ్లి, "అక్కా, ఒక్కసారి చూస్తానే" అని మూత తీసి ముక్కు పెడతాడు. తలూపితే అందరూ బిలబిలమంటూ దిగుతారు. ఊపకపోతే బండి ముందుకు కదులుతుంది. ఇన్నేళ్లలో ఆ తలూపు ఒక్కసారీ తప్పలేదు.

పోయిన వానాకాలం అతనికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, పోతూ పోతూ ముక్కుని కూడా పట్టుకుపోయింది. మొదట అతనికే తెలియలేదు. ఒకరోజు అన్నం మాడిపోతుంటే పక్కింటావిడ గోడ మీంచి కేకేసింది. పొయ్యి పక్కనే కూర్చుని పేపరు తిరగేస్తున్న ప్రయూన్ తలెత్తి, "ఏమైంది?" అన్నాడు. అతని పెళ్లాం ఫిన్ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి గిన్నె దించింది.

ముక్కు తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు.

"వాళ్లకి చెప్పెయ్. నడపడానికి చేతులున్నాయిగా నీకు," అంది ఫిన్.

"చేతులున్న డ్రైవర్లు వీధికి పదిమంది. నన్నెందుకు పిలుస్తారే?"

చెప్పలేదు. ఎండాకాలం రాగానే ఆడవాళ్లు దేశానికి ఉత్తరాన ఉన్న ఊళ్లకి ప్రయాణం పెట్టారు. ప్రయూన్ వ్యాన్ తీశాడు.

నఖోన్ సవాన్‌లో మాత్రం ఎలాగో గట్టెక్కాడు. అదొక నూడుల్స్ కొట్టు. మూత తీసి ముక్కు పెట్టినట్టే పెట్టి, కళ్లు మాత్రం బల్లల మీదికి పోనిచ్చాడు. ప్రతి బల్ల మీదా రుచికి తగ్గట్టు కలుపుకోవడానికి నాలుగు డబ్బాలుంటాయి కదా, చక్కెర, చేప సాసు, ఎండుకారం, మిరపకాయలు ఊరిన వెనిగర్. తినేవాళ్లెవరూ వాటి జోలికి పోవడం లేదు. వంటామె చెయ్యి సరిగ్గా పడిందన్నమాట. తలూపాడు. ఆడవాళ్లు గిన్నెలు ఖాళీ చేసి, ఇంకోటి కావాలన్నారు.

బతికాను అనుకుని తనూ గిన్నె ముందేసుకున్నాడు. ఆ నిశ్చింతలో అలవాటుగా చక్కెర ఒక చెంచా, వెనిగర్ ఒక చెంచా వేసి కలిపాడు.

ఎదురుగా కూర్చున్నది ఉబోన్ పెద్దమ్మ, గుంపులో పెద్దది. నిరుడు కడుపుకి ఆపరేషనైనా ప్రయాణం మానని మనిషి. "అదేంటి నాయనా, రసం నోట్లో పోసుకోకుండానే చక్కెర వేశావు?" అంది.

ప్రయూన్ చెంచా కింద పెట్టేశాడు. రుచి చూడకుండా డబ్బాలు తీస్తే వంటామెని మొహం మీద తిట్టినట్టేనని, ఇన్నేళ్లూ అందర్నీ మందలించింది తనే.

"ఆకలి మీదున్నా పెద్దమ్మా," అన్నాడు.

"ఊఁ," అంది ఆవిడ. ఆ ఊఁ అతన్ని లంపాంగ్ దాకా వెంటాడింది.

దారిలో ఇంకో గండం. గుంపులో నోరున్న మనిషి సమ్లీ. రోడ్డు పక్కన గుప్పుమని వాసన కొట్టే డురియన్ పండు కొని, హోటల్‌లోకి రానివ్వరని, వ్యాన్ వెనక తువ్వాళ్ల కింద దాచింది. ఎండకి పండు విచ్చుకుంది. వెనక సీట్లవాళ్లు రుమాళ్లు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు, ఒకావిడ అద్దం దించింది. ప్రయూన్ మాత్రం రోడ్డు చూస్తూ నడుపుతూనే ఉన్నాడు.

"ఏం తమ్ముడూ," అంది సమ్లీ నవ్వుతూ, "బండిలో నారింజ ఒలిస్తేనే అరిచేవాడివి. ఇవాళ బౌద్ధ సన్యాసం పుచ్చుకున్నావా?"

అప్పుడు తెలిసింది అతనికి బండిలో ఏముందో. "పెద్దవాళ్లని ఏమంటాం అక్కా," అన్నాడు. అద్దంలో చూస్తే ఉబోన్ పెద్దమ్మ కళ్లు అతని మీదే ఉన్నాయి.

లంపాంగ్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నది వైపు సందులో కొత్తగా తెరిచిన కొట్టు కనబడింది. తలుపుకి కట్టిన పూలదండ ఇంకా వాడలేదు. ఎవరి నోటా పడని కొట్టు, సరిగ్గా వాళ్లకి కావలసిందే. "ఆపు, ఆపు!" అని అందరూ ఒకటే గోల.

ప్రయూన్ దిగాడు. లోపల ఒక్క మనిషి లేడు. చూసి తెలుసుకుందామంటే బల్లలన్నీ ఖాళీ, డబ్బాలన్నీ నిండుగా. ముందు ఒకే గిన్నె, సన్నటి బియ్యప్పిండి సేమియా మీద పోసుకునే చేప పులుసు, చిక్కటి కొబ్బరిపాలతో కాచింది. గిన్నె కింద మంట లేదు.

ఎండాకాలం కొబ్బరిపాల కూర మధ్యాహ్నానికల్లా విరిగిపోతుందని పిల్లల్ని అడిగినా చెబుతారు. మూత తీశాడు. అంచు చుట్టూ సన్నటి నురగ. గరిటె తిప్పితే వచ్చిన నురగా, పులిసిన నురగా? ముందైతే మూత సగం ఎత్తకుండానే చెప్పేవాడు. ఇప్పుడు ముక్కు పెట్టాడు. గోడకి ముక్కు పెట్టినట్టుంది. ఇంకా లోపలికి పీల్చాడు. వేడి గాలి తప్ప ఏమీ లేదు, అది ఎండదో గిన్నెదో.

వెనక వ్యాన్ అద్దంలో మొహాలు. అతని తల దానంతటదే ఊగింది.

బిలబిలమంటూ దిగారు. కొట్టామె మురిసిపోతూ పళ్లేల్లో సేమియా చుట్టలు పెట్టి, పులుసు పోసి, తులసాకూ బీన్సు ముక్కలూ పక్కన పెట్టింది. మొదటి పళ్లెం పెద్దదైన ఉబోన్ పెద్దమ్మకే ఇచ్చింది. ఆవిడ చెంచా తీసుకుంది.

ప్రయూన్‌కి ఆవిడ ఆపరేషను రోజు గుర్తొచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్లింది తన బండిలోనే. దారంతా కడుపు పట్టుకుని మూలుగుతూ, "మెల్లగా పోనీ నాయనా," అంది. చెబితే తన పని అయిపోయినట్టే. చెప్పకపోతే...

చెంచా పైకి లేచింది.

"పెద్దమ్మా, తినకు!" గబుక్కున చెయ్యి పట్టేసుకున్నాడు. పులుసు ఆవిడ జాకెట్టు మీద ఒలికింది. "తినకు. అది బాగుందో పోయిందో నాకు తెలియదు. నాకు వాసన తెలియట్లేదు. జ్వరం వచ్చినప్పట్నించీ ఏమీ తెలియట్లేదు."

బల్ల చుట్టూ చెంచాలన్నీ పళ్లేల్లోకి దిగాయి.

మొదట నోరు విప్పింది కొట్టామె. "పోయిందా? నా పులుసా? పొద్దున్నే నా చేతుల్తో కొబ్బరి పిండాను! ఇప్పుడే పొయ్యి మీంచి దించాను, గిన్నె ముట్టుకుని చూడు అన్నా, చెయ్యి కాలకపోతే అడుగు!"

ఉబోన్ పెద్దమ్మ తొణకలేదు. పళ్లెం ఎత్తి వాసన చూసింది. ఒక చెంచా తింది. నమిలింది. ఇంకో చెంచా తింది.

"బంగారంలా ఉంది. అల్లం ఘాటు కొంచెం ఎక్కువైంది, అంతే," అంది. తర్వాత ప్రయూన్ వైపు తిరిగింది. "డురియన్ అప్పుడే తెలిసింది నాకు. చక్కెర వేసినప్పుడే అనుమానం. నువ్వే చెబుతావేమోనని ఊరుకున్నాను."

"చెబితే ఇంకో బండి మాట్లాడుకుంటారని..."

"చెప్పకుండా నన్ను తిననిచ్చి ఉంటే తప్పకుండా మాట్లాడుకునేదాన్ని. ఇంటికి మాత్రం నువ్వే తీసుకెళ్లేవాడివి. ఆఖరిసారి."

ఆవిడ నవ్వుతూ అనలేదు. ప్రయూన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అయితే నా పండు అప్పుడు మొహమాటం కాదన్నమాట!" అంది సమ్లీ. "అయ్యో, తెలిస్తే రెండు కొనేదాన్ని కదా తమ్ముడూ."

కొట్టామె ఇంకా గొణుగుతూనే అతనికీ ఒక పళ్లెం తెచ్చి టక్కున పెట్టింది. ఈసారి ప్రయూన్ డబ్బాల మీద చెయ్యి వెయ్యలేదు. ముందు ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని ఆగాడు. అందరూ అతని మొహంలోకే చూస్తున్నారు.

"ఏమైనా తెలుస్తోందా?"

"వేడి తెలుస్తోంది."

"ఇంకా?"

"మండుతోంది."

"చేప?"

లేదన్నట్టు తల తిప్పాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కారానికి అనుకోనిచ్చాడు.

ఇప్పుడు ఆ వ్యాన్ కొత్త కొట్టు ముందు ఆగితే ఇద్దరు దిగుతారు. ప్రయూన్ మూత ఎత్తి పట్టుకుంటాడు, ఉబోన్ పెద్దమ్మ వంగి వాసన చూస్తుంది. తలూపే ముందు, "నిమ్మగడ్డి బాగా దంచింది. రొయ్యల ముద్ద వేయించింది," అని అతనికి మాత్రమే వినబడేట్టు చెబుతుంది. అతను కళ్లు మూసుకుని వింటాడు. ఒక్కోసారి నిమ్మగడ్డి గుర్తొస్తుంది. ఒక్కోసారి ఎంత వెతుక్కున్నా గుర్తుకు రాదు. అప్పుడు మాత్రం మూత పట్టుకున్న చెయ్యి మెల్లగా దిగిపోతుంది. ఆవిడ ఆ మూత తన చేతిలోకి తీసుకుంటుంది.