రొయ్యలకు అచ్చొచ్చిన ఇంకుపెన్ను

మా కాలేజీలో హాజరు ఫోనులో వేస్తాం. మార్కులు కంప్యూటర్లో ఎక్కిస్తాం. జవాబు పత్రాలు కూడా స్కానై తెరమీదికే వస్తాయి. భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పే నాకు కలంతో తప్పనిసరి పని రెండే చోట్ల: ఇంట్లో పచారీ సామాన్ల చీటీ రాయడం, కాలేజీలో సర్క్యులర్ అందినట్టు సంతకం పెట్టడం. అయినా నా దగ్గర అరడజనుకు పైగా ఇంకుపెన్నులున్నాయి.

"రాయడానికి ఏముందని నీకిన్ని పెన్నులు?" అని మావారు అడుగుతుంటారు. ఆయన బ్యాంకులో ఆఫీసరు. సంతకం తప్ప ఇంకేదైనా చేత్తో రాసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

నిజానికి రాయడానికి ఏమీ లేదు. పొద్దున్నే కాఫీ తాగుతూ, ఇరవై ఏళ్లుగా చెబుతున్న అవే లెక్కలను మళ్లీ తెల్ల కాగితం మీద చేసుకుంటాను. చూడకుండా చెప్పగలిగినవే. కానీ పాళీ కాగితాన్ని తాకినప్పుడు వచ్చే ఆ సన్నని చప్పుడు, అక్షరం మీద తడి మెరిసి, చూస్తుండగానే ఆరిపోవడం... ఆ కాసేపు లోకంలో నాకు ఎవరితోనూ పేచీ ఉండదు.

వాటన్నిటిలో నాకు ప్రాణం ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన ఒక ఆకుపచ్చ పెన్ను. రాజమండ్రిలో ఒక సందులోని చిన్న దుకాణంలో చేయించుకున్నాను. లేతు మీద తిప్పి, చేత్తో నునుపుచేసి ఇచ్చారు. ఆకుపచ్చలో నల్లటి సుడులు, లావుపాటి ఒళ్లు, కొత్తలో రబ్బరు వాసన. డ్రాపర్‌తో ఇంకు పోస్తే నెలంతా రాస్తుంది. దాన్ని మొదటిసారి స్టాఫ్ మీటింగులో బయటికి తీస్తే మా ప్రిన్సిపాల్ గారు, "ఏంటి మేడం, ఈ రోజుల్లో కూడా ఇంకుపెన్నా? మనది టెక్నికల్ కాలేజీ అండి!" అన్నారు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ల ఎదుట ఉన్న డైరీలన్నీ ఖాళీగానే ఉన్నాయి.

మేం అద్దెకుండేది మేడమీద. కింది వాటాలో ఇంటివారుంటారు. ఆయనకు ఊరి బయట రొయ్యల చెరువులున్నాయి. నేను ఆయన్ని బాబాయిగారనీ, ఆవిణ్ణి పిన్నిగారనీ పిలుస్తాను. ఒక ఆదివారం బాబాయిగారు చేతిలో స్టాంపు పేపర్లతో మెట్లెక్కి వచ్చారు. ఇంకో చెరువు లీజుకు తీసుకుంటున్నారట. ముహూర్తం దాటిపోతోంది, జేబులోని బంగారు రంగు బాల్‌పెన్ను గీకినా రాయడం లేదు.

"అమ్మా, ఓ పెన్నుంటే ఇస్తారా?"

నేను రాసుకుంటున్న ఆకుపచ్చ పెన్నే ఇచ్చాను. ఆయన సంతకం పెట్టి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసుకున్నారు. "అబ్బో! కలెక్టరు గారి సంతకంలా ఉందండి!" అని మురిసిపోయారు.

ఆ పంట కాలంలో చుట్టుపక్కల చెరువులకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. ఈయన చెరువుకు మాత్రం రాలేదు. అందరికంటే ఆలస్యంగా చెరువులో రొయ్య పిల్లను వదలడం వల్ల తప్పించుకున్నారని ఆయన తమ్ముడే చెప్పాడు. కానీ బాబాయిగారు ఒప్పుకోలేదు. రొయ్యల పట్టుబడి అయిన రోజు సాయంత్రం ఒక బుట్టెడు రొయ్యలతో పైకి వచ్చి, "మీ కలం అచ్చొచ్చిందమ్మా" అన్నారు.

నేను నవ్వేశాను. అది తప్పని తరవాతి వారంలోనే తెలిసింది. మేత డీలర్‌షిప్ కాగితాల కోసం ఆయన బావమరిది వచ్చాడు. లోను దరఖాస్తు పట్టుకుని ఐసు ఫ్యాక్టరీ ఆయన వచ్చాడు. తరవాత పేరు తెలియనివాళ్లు కూడా వచ్చారు. అందరి జేబుల్లోనూ ఖరీదైన పెన్నులే, అందరూ అడిగేది నా పెన్నే. నాలుగు ఇళ్ల అవతలి నుంచే, "సంతకాల మేడం గారి ఇల్లు ఇదేనాండి?" అని వినబడేది. నేను కాఫీలు కలుపుతుంటే మావారు వాళ్లతో వడ్డీ రేట్ల గురించి మాట్లాడేవారు. వచ్చినవాళ్లు ఊరికే వచ్చేవారు కాదు. మా ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్టుకు చోటు లేకుండా రొయ్యలు పేరుకున్నాయి. పెన్ను గురించి మావారి అభిప్రాయం ఆ రోజుల్లోనే మెరుగుపడింది.

ఒకాయన పాళీ తూర్పుకు తిప్పి పెట్టాలన్నాడు. ఇంకొకాయన ఇంకు మంగళవారం నింపొద్దన్నాడు. చివరికి మా ప్రిన్సిపాల్ గారు గదికి పిలిపించి, తలుపు దగ్గరగా వేసి, "మేడం, ఇన్‌స్పెక్షన్ ఫైలు మీద సంతకం పెట్టాలి. మీ దగ్గర... ఆ ఆకుపచ్చది తెచ్చారా?" అన్నారు. ఇచ్చాను. టెక్నికల్ కాలేజీ అని గుర్తుచేద్దామనుకున్నాను గానీ, జీతం గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇంత జరుగుతున్నా పొద్దుటి కాసేపు పెన్ను నాదే కదా అని సరిపెట్టుకున్నాను. ఒక శుక్రవారం అదీ పోయింది. బాబాయిగారు "సాయంత్రం ఇచ్చేస్తాను" అని పెన్ను తీసుకెళ్లి, పెనుగొండ అమ్మవారి పాదాల దగ్గర పెట్టించారు. అది చాలదని మర్నాడు మోకాళ్ల నొప్పులతోనే కోరుకొండ కొండెక్కి, స్వామి సన్నిధిలోనూ పెట్టించారు. తిరిగి వచ్చేసరికి మూత మీద గంధం, నడుముకి పసుపుతాడు, పాళీ మీద కుంకుమబొట్టు. రాయబోతే ఎర్రటి బురద కారి ఆగిపోయింది. పాళీ ఊడదీసి, దాని కింద ఇంకు దించే నాలుకను నీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో కడుగుతూ కూర్చున్నాను. ఎంత కడిగినా కుంకుమ వస్తూనే ఉంది. ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే చెప్పేశాను. "బాబాయిగారూ, ఇక ఈ పెన్ను ఎవరికీ ఇవ్వనండి."

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "ఇంత మహిమ ఉన్న కలాన్ని బీరువాలో పెట్టుకుని మీరేం చేసుకుంటారమ్మా?"

"రాసుకుంటానండి."

"ఊరికే రాసుకోవడానికా?" అన్నారు ఆయన. అంత అన్యాయం జీవితంలో చూడనట్టు నా వంక చూశారు. పెన్ను ఇచ్చేస్తే ఏడాదిపాటు అద్దె తీసుకోనన్నారు. మావారు చటుక్కున నా వైపు తిరిగారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు ఏడాది అద్దె ఎంతో ఫోనులో లెక్కగట్టి చూపించారు.

ఆ పై పంటకు రొయ్యల ధర పడిపోయింది. నా పెన్నుతో సంతకం పెట్టినవాళ్లూ నష్టపోయారు, పెట్టనివాళ్లూ నష్టపోయారు. పెట్టనివాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. మా కాలేజీ ఇన్‌స్పెక్షన్ కూడా తిరగబడింది. బాబాయిగారు మళ్లీ పైకి వచ్చారు గానీ, ఈసారి గడప దాటలేదు.

"అమ్మా, కోపగించుకోకండి. ఆ కలాన్ని గోదాట్లో కలిపేయండి. సిద్ధాంతిగారు చెప్పారు."

"అద్దె పెంచినా సరేనండి, కలపను" అన్నాను.

అద్దె పెంచారు.

అప్పటి నుంచి నాకు దక్కిన సుఖం ఇంకుపెన్నులున్న ఏ మనిషికీ దక్కి ఉండదు. ఎవరూ పెన్ను అడగరు. బ్యాంకులో నేను సంచిలో చెయ్యి పెడితే చాలు, కౌంటర్లో కుర్రాడు తన బాల్‌పెన్ను ముందుకు తోస్తాడు. ప్రిన్సిపాల్ గారు నాకు సర్క్యులర్లు ఫోనుకే పంపిస్తున్నారు. పాళీ లోపలి కుంకుమ నెమ్మదిగా వదిలి, పెన్ను మునుపటిలా నడుస్తోంది.

మొన్నొక మధ్యాహ్నం బాబాయిగారు నిద్రపోతుండగా పిన్నిగారు పైకి వచ్చారు. చీర కుచ్చిళ్లు సవరించుకుంటూ, "అమ్మాయ్, ఆ కలం ఓసారి ఇస్తావా?" అని మెల్లగా అడిగారు.

"భయం లేదా పిన్నిగారూ?"

"నాకేం చెరువులున్నాయి? చెరువులన్నీ ఆయనవేగా."

కుర్చీ వేసి, కాగితం ఇచ్చాను. ఆవిడ ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నారట. పెళ్లయ్యాక ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకం పెట్టడమే తప్ప రాసింది లేదు. మొదట తన పుట్టింటి పేరుతో పూర్తి పేరు రాసుకున్నారు. దాని కింద చిన్నప్పుడు బడికెళ్లే బస్సు ఆగే ఊళ్ల పేర్లు, వరసగా, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఒక్కో పేరు రాసి తడి ఆరేదాకా చూసి, అప్పుడు ఇంకోటి మొదలుపెడుతున్నారు.

"ఎంత మెత్తగా పోతోందే తల్లీ!" అన్నారు, తనలో తనే అనుకుంటున్నట్టు.

కింది నుంచి బాబాయిగారి గొంతు వినబడింది. "ఏమేవ్, ఎక్కడున్నావు? కాఫీ!"

"వస్తున్నానండీ" అని కేకేసి, పిన్నిగారు కాగితం తిప్పి రెండో వైపు మొదలుపెట్టారు.