ఫిలింలో పడని నీరు

ఓడరేవులో పద్నాలుగేళ్లు క్రేన్ నడిపిన జగ్గారావుని 2001లో తోటివాళ్లే నోరు తెరిపించి వాసన చూశారు, తాగొచ్చాడేమోనని. పుట్టి బుద్ధెరిగాక సారా చుక్క ముట్టని మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది? తాతముత్తాతలు తెప్ప మీద నిలబడి వల వేసిన జాలరి ఇంట్లో పుట్టాడు. అలల మీదే తూలని వంశం వాళ్లది. అలాంటివాడు సిమెంటు గట్టు మీద నడుస్తూ నడుస్తూ కూలబడిపోతే, మన జనానికి సారా తప్ప ఇంకో కారణం తోచదు మరి.

అసలు సంగతి ఎడమ చెవిది. ముందు చెవి దిబ్బడేసేది, తర్వాత లోపల హోరు మొదలయ్యేది, ఆపైన లోకమంతా గిర్రున తిరిగేది, వాంతులయ్యేవి. రెండు మూడు గంటలు పోయాక ఏమీ జరగనట్టే లేచి కూర్చునేవాడు. అదే అతని కొంప ముంచింది. రోగమైతే ఇలా వచ్చి అలా పోతుందా అన్నారు.

చెవి నరం మీద గడ్డేమైనా ఉందేమో చూడాలని డాక్టరు ఎమ్మారై రాశారు. ఆ మాటకి భార్య వరహాలమ్మ హడలిపోయి, గడ్డ లేకపోతే తలనీలాలు ఇస్తానని సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది. స్కానింగు సొరంగంలో కదలకుండా పడుకుని, ఆ మోతలో జగ్గారావూ అప్పన్ననే తలుచుకున్నాడు. అతను అడిగింది మాత్రం వేరు.

"ఏదో ఒకటి అగుపడీలా సెయ్యి సామీ. సిన్న గడ్డయినా పర్నేదు. ఈళ్లు నన్ను నమ్మాల."

డాక్టరు ఫిలింని లైటు బోర్డు మీద పెట్టి చూశారు. "గడ్డ లేదు. అదృష్టవంతుడివి."

"మరి ఈ తిరుగుడేటి బాబూ?"

"చెవి లోపల సన్నటి గొట్టాల్లో నీరుంటుంది. అది పొంగినప్పుడు ఇలా అవుతుంది. ఆ పొంగు ఈ ఫిలింలో పడదయ్యా. నువ్వు చెప్పినదాన్ని బట్టి మేం తెలుసుకోవాల్సిందే." ఎత్తులు ఎక్కనివ్వొద్దని చీటీ కూడా రాసిచ్చారు.

సూపర్‌వైజరు రమణమూర్తి చీటీని పక్కన పెట్టి రిపోర్టు చదివాడు. "నార్మల్ అని రాసుంది కదా జగ్గారావూ. మిషన్ అబద్ధమాడతాదేటి? రేపు ఎక్కుతావా, మానేస్తావా?"

మర్నాడు పొద్దున్నే ఎక్కాడు. నిచ్చెన సగంలో ఉండగా చెవి దిబ్బడేసింది. కింద కొక్కెం పక్కన బావమరిది గవర్రాజు నిలబడి, "ఎక్కు బావా" అని చెయ్యి ఊపుతున్నాడు. అతని నెత్తి మీంచి కదలబోయేది పది టన్నుల ఉక్కు. జగ్గారావు మెట్టు మెట్టూ తడుముకుంటూ దిగొచ్చేశాడు. ఎవరో నవ్వారు. పనిదొంగ అన్న మాట కుడి చెవికి బాగానే వినపడింది. క్యాబిన్ తాళం రమణమూర్తి చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుంటూ గేటు దాటాడు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో వరహాలమ్మ. నడుం దాటే జడ లేదు. నున్నటి గుండు, దాని మీద ఇంకా ఆరని గంధం. ఆమె మొహం వెలిగిపోతోంది.

"మొక్కు తీర్సీసేను మావా. అప్పన్న నా మాట ఇన్నాడు. అవునూ, నువ్వేటి మొక్కుకున్నావు?"

ఆ గుండు చూసి జగ్గారావు సిగ్గుతో చచ్చిపోయాడు.

"నానూ అదేనే" అన్నాడు.