పెదాల మీద రేడియో

ఆదివారం పూట మా పేటలో అందరూ రేడియో వింటారు. విల్ఫ్ బార్‌క్రాఫ్ట్ ఇంట్లో మాత్రం చూస్తారు. రేడియో పక్కన కుర్చీ, ఆ కుర్చీలో విల్ఫ్, కిటికీ వెలుగు సరిగ్గా అతని మూతి మీద. ఎదురుగా ఎత్తుపీట మీద అతని భార్య హెట్టీ. రేడియోలో ఎవరేం మాట్లాడినా విల్ఫ్ గొంతు పెగల్చకుండా వట్టి పెదాలతో పలుకుతాడు. ఆ పెదాలను చూసి హెట్టీ అర్థం చేసుకుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు కిటికీలోంచి చూసి, పాపం ఆ మిల్లు మేస్త్రీకి మతిపోయిందనుకుంటారు. అనుకోనీ, మనకేం పోయింది!

హెట్టీది పుట్టు చెముడు కాదు. పన్నెండో ఏట మిల్లులో కాలుపెట్టి, నలభై నాలుగేళ్ళు నాలుగు మగ్గాల మధ్య నిలబడి నేసిన మనిషి. ఒక్క కప్పు కింద ఆరొందల మగ్గాలు పొద్దస్తమానం దడదడలాడుతుంటే ఎవరి చెవులు మిగుల్తాయి? అందుకే మా ఊరి నేతగత్తెలు మూతులతోనే మాట్లాడుకుంటారు. షెడ్డు ఈ కొసన ఒకావిడ పెదాలు కదిపితే ఆ కొసన ఇంకొకావిడ పకపకా నవ్వుతుంది. ఎదుట ఒక మొహమంటూ ఉంటే హెట్టీకి ఏ మాటా దాగదు. రేడియోకి మొహం లేదు, అదీ వచ్చిన చిక్కు.

విల్ఫ్ అదే మిల్లులో మేస్త్రీ. మగ్గం మొరాయిస్తే దాని రోగం కుదిర్చే పని. నేతగత్తెలకూ మేస్త్రీలకూ మా దగ్గర ఉప్పూ నిప్పూ. మేస్త్రీల తెలివి మీద వాళ్ళు చెప్పుకునే కథలకు లెక్కే లేదు. వాన వస్తోందో లేదో చూసిరమ్మంటే ఓ మేస్త్రీ బయటికి వెళ్ళి, తడిసి ముద్దయి వచ్చి, "చీకట్లో ఏమీ కనబడలేదు" అన్నాడట. విల్ఫ్‌ని చేసుకున్న నాటి నుంచి హెట్టీ ఆ కథ చెబుతూనే ఉంది, ఆ మేస్త్రీ తన మొగుడేనన్నట్టు. విల్ఫ్ ఏనాడూ కాదనలేదు.

యుద్ధం రోజుల్లో ఒక ఆదివారం హెట్టీ రేడియో చెక్కపెట్టె మీద అరచెయ్యి ఆనించి, అదురును బట్టి ఏదో ఊహించుకుంటూ నిలబడి ఉండటం విల్ఫ్ చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చుని వార్తలు పలకడం మొదలుపెట్టాడు. అలా పదేళ్ళయింది. పొద్దున పాదిరీగారి ప్రసంగం వచ్చేటప్పుడు పెదాలు బిగించి పలుకుతాడు. తోటపని కబుర్లు చెప్పే ముగ్గురు ముసలాళ్ళకీ మూడు మూతులున్నాయి. ఒకడికి పళ్ళుండవు, ఒకడు నత్తివాడు, ఇంకొకడు అన్నిటికీ పేడ వెయ్యమంటాడు. వాద్యాలు వస్తే హెట్టీ అరచెయ్యి చెక్క మీదికి పోతుంది, విల్ఫ్ పెదాలకు విశ్రాంతి. హాస్య కార్యక్రమం వచ్చినప్పుడు పేటంతా ఒక్కసారి నవ్వుతుంది, హెట్టీ నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వినబడుతుంది. గోడ అవతల అడా టాటర్సాల్ ఆ రెండో నవ్వు కోసం ఆగి, అప్పుడు తనూ మళ్ళీ నవ్వుతుంది.

వీళ్ళకు ఒక్కడే కొడుకు, క్లిఫర్డ్. అందరు కుర్రాళ్ళలాగే రెండేళ్ళు సైన్యంలో చేసి వస్తాడనుకుంటే, కిందటి అక్టోబరులో సెలవుకు వచ్చి ఇంకో మూడేళ్ళకు సంతకం పెట్టానన్నాడు. మిల్లులో వాడి కోసం పని మాట్లాడి పెట్టుకున్న విల్ఫ్‌కు ఒళ్ళు మండింది. హెట్టీ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. వంటింట్లో తండ్రీ కొడుకులు ఇద్దరే. నూనె మరకల బతుకు నాకొద్దని వాడన్నాడు. ఈ గుమ్మం దాటితే నాకు కొడుకు లేడనుకుంటానని తండ్రి అన్నాడు. మర్నాడు పొద్దున్నే రైలెక్కి వాడు జర్మనీ వెళ్ళిపోయాడు. క్రిస్మస్‌కు ఒక కార్డు వచ్చింది, అందులో సంతకం తప్ప మరో ముక్క లేదు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పటి నుంచి హెట్టీకి పోస్టువాడి మీదే చూపు. ఎందుకు రాయడం లేదో విల్ఫ్‌కు తెలుసు. తన మాటే కొడుకు చేతిని పట్టి ఆపుతోందని తెలుసు. ఉత్తరం రాసి క్షమించమని అడగొచ్చు కదా అంటారు మీరు. అడగొచ్చు. మగ్గానికి ఎన్ని మరలున్నాయో అన్నీ విప్పి బిగించగలడు గానీ ఆ ఒక్క మాట మాత్రం అతని చేతుల్లోంచి ఊడి రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి మాంసం పొయ్యిలో వేగుతుండగా ఒక కార్యక్రమం వస్తుంది. జర్మనీలో ఉన్న మన సైనికులు ఇంట్లోవాళ్ళకీ, ఇంట్లోవాళ్ళు సైనికులకీ పాటలు కోరి కబుర్లు పంపుకుంటారు. జనవరిలో ఒక ఆదివారం ఎవరో తల్లి పేరు చదివారు. విల్ఫ్ పెదాలు ఆ పేరు పలకబోయి హెట్టీ పేరు పలికాయి. "గన్నర్ క్లిఫర్డ్ బార్‌క్రాఫ్ట్ తన ప్రియమైన తల్లికి ముద్దులు పంపుతున్నాడు. చలి ఎక్కువగా ఉంది, తిండి బాగుంది." హెట్టీ మొహం చూసి విల్ఫ్‌కు ఇక వెనక్కి రావడానికి దారి లేకపోయింది. ఆ తర్వాత వారం విడిచి వారం క్లిఫర్డ్ కబురు పంపుతూనే ఉన్నాడు. మేజోళ్ళు సరిపోయాయన్నాడు, దగ్గు తగ్గిందన్నాడు. పాట మాత్రం ఎప్పుడూ బ్రాస్ బ్యాండుదే కోరాడు.

ఇంతలో కొత్త గండం వచ్చిపడింది. సర్కారు వైద్యం కింద చెవిటి మిషన్లు ఊరికే ఇస్తున్నారు. మంగళవారం ఆసుపత్రికి వచ్చి తీసుకెళ్ళమని హెట్టీకి కార్డు వచ్చింది. పై ఆదివారం తన చెవులతో తనే వింటుంది. క్లిఫర్డ్ కబురు ఉండదు. అప్పుడు వెనకటి కబుర్లన్నీ ఏమిటని అడుగుతుంది. నిజం చెబితే దొంగగా నిలబడాలి, పైగా కొడుకు ఎందుకు మూగవోయాడో కూడా చెప్పాలి. విల్ఫ్ వారమంతా ఆలోచించి చివరి అబద్ధం ఒకటి తయారుచేసుకున్నాడు. తన దళాన్ని దూరంగా ఎక్కడికో పంపిస్తున్నారనీ, ఇక కబుర్లు పంపడం కుదరదనీ ఈ ఆదివారం క్లిఫర్డ్ చెప్పేస్తాడు. అంతటితో ఆ కథ ముగుస్తుంది.

ఆ పొద్దున ప్రసంగం పలుకుతూ విల్ఫ్ రెండుసార్లు తడబడ్డాడు. అబద్ధమాడేవాడి నోరు కుళ్ళిన పన్నువంటిదని పాదిరీగారు ఏదో అన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు విల్ఫ్ ఆ ముక్క ఎగరగొట్టి దేవుడి దయ మీదికి పోయాడు. బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న హెట్టీ తలెత్తి ఒకసారి చూసింది.

పన్నెండయింది. హెట్టీ చేతులు తుడుచుకుని ఎత్తుపీట మీద కూర్చుంది. పేరు తర్వాత పేరు, పాట తర్వాత పాట. విల్ఫ్ నిజమైనవాటిని నిజంగానే పలుకుతూ, తన అబద్ధానికి చోటు చూసుకుంటున్నాడు. మూడో పాట అయిపోయింది, ఇక ఇప్పుడే అనుకుని పెదాలు తడుపుకున్నాడు. గన్నర్ క్లిఫర్డ్ బార్‌క్రాఫ్ట్ అని మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే రేడియోలో కబుర్లు చదివే ఆవిడ కూడా గన్నర్ క్లిఫర్డ్ బార్‌క్రాఫ్ట్ అంది.

"ఈ కోరిక వాళ్ళమ్మగారు మిసెస్ హెట్టీ బార్‌క్రాఫ్ట్ నుంచి," అంటోంది రేడియోలో ఆవిడ. "ఆమె ఇలా రాశారు. నాయనా, మీ నాన్న ఆదివారాల్లో నీ కబుర్లు నాకు చెబుతూనే ఉన్నాడు. పాపం, ఆయన దగ్గర మాటలు అయిపోతున్నాయి. ఇకనైనా నువ్వు రాసి ఆయన్ని ఆదుకో. ఆ రోజు అన్న మాటకు ఆయన ఆ రోజే ఏడ్చాడు." చివర్లో ఆవిడ గొంతులో చిన్న నవ్వు వినబడి, పాట మొదలైంది.

విల్ఫ్ పెదాలు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి. పదేళ్ళలో మొదటిసారి రేడియో మాట్లాడినా అతని నోరు పలకలేదు. హెట్టీకి వినబడలేదు. వినబడనక్కర్లేదు కూడా, ఆ మొహం చాలు.

"వచ్చిందా?" అంది.

విల్ఫ్ తలూపాడు.

"రేడియోవాళ్ళకు తొమ్మిది కార్డులు రాశాను. ఎప్పటికీ చదవరేమో అనుకున్నా. ఊఁ, పలుకు. ఏం చదివిందో చూడనీ."

విల్ఫ్ పలికాడు. ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ పలికాడు. ఎదురుగా హెట్టీ పెదాలు కూడా అవే మాటలు అతనితో పాటు పలికాయి. తను రాసిన మాటలే కదా, ఆమెకు కంఠతా వచ్చు. చివరి మాట దగ్గర విల్ఫ్ ఆగిపోయాడు, హెట్టీ ఒక్కతే పూర్తిచేసింది.

"నీకెలా తెలుసే?" అన్నాడు చివరికి.

"అబద్ధమాడితే అతికినట్టుండాలయ్యా. క్లిఫర్డ్ నన్ను ప్రియమైన తల్లీ అని పిలుస్తాడా? వాడికి బ్రాస్ బ్యాండంటే తలనొప్పి. అది నీ పిచ్చి. పైగా పక్కింటి అడా పన్నెండింటికి రేడియో కట్టేసిన పాపాన పోలేదు. మన అబ్బాయి పేరు రేడియోలో వస్తే ఒక్కనాడైనా చెప్పకుండా ఊరుకుంటుందా అది?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

"బాగుండేది కదా, వినడానికి," అంది హెట్టీ. "వాణ్ణి ఏమన్నావో కూడా ఆ రోజే తెలుసు. పెరట్లో ఉన్నా. వంటింటి కిటికీకి ఎదురుగానే బట్టలారేస్తున్నా. నేతగత్తెను చేసుకుని, కిటికీ ముందు నిలబడి పోట్లాడతారా ఎవరైనా? నువ్వు నిజంగా మేస్త్రీవే," అంది.

గోడకు చెవులుంటాయని అందరికీ తెలుసు. కిటికీకి కళ్ళుంటాయని విల్ఫ్‌కు తోచలేదు. ఆ రోజు క్లిఫర్డ్ మేడెక్కి సామాను సర్దుకుంటుంటే తను బొగ్గుల కొట్టు వెనక నిలబడి ఏడ్చింది కూడా ఆమె చూసిందన్నమాట. ఆరు నెలలు ఆ సంగతి కడుపులో పెట్టుకుని, తన కట్టుకథలు కళ్ళతో వింటూ కూర్చుంది. విల్ఫ్‌కు సిగ్గూ వేసింది, ప్రాణం లేచి వచ్చినట్టూ అయింది. ఏం చెయ్యాలో తెలియక వెళ్ళి పొయ్యిలో మాంసం మాడుతోందేమో చూశాడు. మాడలేదు.

ఆ మధ్యాహ్నం హాస్య కార్యక్రమం ఎప్పటిలాగే వచ్చింది, విల్ఫ్ ఎప్పటికంటే బాగా పలికాడు. రాత్రి భోజనాలయ్యాక భక్తి పాటలు. హెట్టీ చెక్క మీద అరచెయ్యి ఆనించింది, విల్ఫ్ తన చెయ్యి దాని పక్కన పెట్టాడు.

మంగళవారం చెవిటి మిషన్ వచ్చింది. మెడలో వేలాడే డబ్బా, చెవిలోకి తీగ. బుధవారం హెట్టీ రేడియో ముందు కూర్చుని అది పెట్టుకుని విన్నది. వార్తలు చదివేవాడి గొంతు విని, వీడా, వీడింత నీరసంగా ఉంటాడా అంది. గరగరమంటోందనీ, మొహం లేని మాట తనకు నమ్మకం కలగదనీ అంది. డబ్బాను సొరుగులో పెట్టలేదు గానీ, ఆదివారాలకు మాత్రం విల్ఫే కావాలంది. విల్ఫ్ ఆ సాయంత్రం ఈలవేస్తూ బూట్లు తుడుచుకున్నాడు.

శుక్రవారం పోస్టువాడు జర్మనీ ముద్ర ఉన్న కవరు తెచ్చాడు. హెట్టీ అందుకుని పేరు చూసి భర్త చేతిలో పెట్టింది. మిస్టర్ డబ్ల్యూ. బార్‌క్రాఫ్ట్ అని ఉంది. విల్ఫ్ కళ్ళజోడు వెతుక్కుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, కవరు చింపాడు. హెట్టీ అతని గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగులోకి తిప్పింది. విల్ఫ్ పెదాలతో పలికాడు.

"నాన్నా, ఆదివారం బారక్‌లో అందరం వింటున్నాం. నా పేరు రాగానే అందరూ కలిసి నన్ను దిండ్లతో కొట్టారు. ఆ రోజు నేనూ నోరు పారేసుకున్నాను. రాద్దామని కూర్చుని ఎన్నిసార్లు లేచిపోయానో. ఆగస్టులో సెలవిస్తారట, వస్తాను, రమ్మంటే. ఒక్కటి మాత్రం చెప్పు. ఇన్ని వారాలూ నేను అమ్మకు ఏమేం చెప్పానో అన్నీ వరసగా రాసి పంపు. ఇంటికొచ్చాక మాట తేడా రాకూడదు కదా."

విల్ఫ్ అప్పటికప్పుడే బల్ల మీద కాగితం పరుచుకుని, పెన్సిలు చెక్కుకుని, జనవరి మొదటి ఆదివారం నుంచి మొదలుపెట్టాడు. రమ్మనే మాట అన్నిటికంటే ముందు, పెద్ద అక్షరాలతో రాశాడు. హెట్టీ అతని భుజం మీదుగా చూస్తూ, బ్రాస్ బ్యాండు సంగతి కొట్టెయ్యమంది.