పద్నాలుగు అంగుళాల సీటు

కారు కొనడానికి టైలరు టేపు పట్టుకొచ్చిన ఆడమనిషి గురించి ఢిల్లీలో ద్వారకా వైపు షోరూముల్లో ఇంకా చెప్పుకుంటూనే ఉంటారేమో. చెప్పుకోనీండి. మైలేజీ ఎంత, ఏయే రంగులున్నాయి అని నేను అడగలేదు. తలుపు తీయించి, వంగి, నేల నుంచి సీటు దాకా టేపు పెట్టి కొలిచి, చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పుస్తకం ఇంకా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. అందులో మొదట రాసిన అంకె పద్నాలుగు. అది నేను వదిలించుకోవాలనుకున్న పాత కారు సీటుది.

ఆ పాత కారు మా ఆయన పిచ్చి. ఏదో ఎంబసీలో పనిచేసి సొంత దేశం వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నారు. రెండే సీట్లు. ముదురాకుపచ్చ రంగు. నేలకి అతుక్కుపోయినట్టు ఉండేది. స్టార్టు చేస్తే జనక్‌పురిలో మా బ్లాకంతా ఉలిక్కిపడేది. అశోకా రోడ్డు ఆఫీసులో పొద్దస్తమానం ఫైళ్ళు చూసుకునే మనిషికి స్పోర్ట్స్ కారేమిటి చెప్పండి! "అమ్మాయిని ఎక్కడ కూర్చోబెడతారు, డిక్కీలోనా?" అని అడిగాను. "దానికి స్కూలు బస్సుందిగా. ఇది మనిద్దరికీ" అన్నారు నవ్వుతూ. నాకు ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు మెట్రోలో ఏదో రిపేరని అందులోనే ఎక్కి కాలేజీకి వెళ్ళాను.

ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో నేను పాఠాలు చెప్తాను. ఆ రోజు నుంచి పదకొండేళ్ళపాటు నన్ను అక్కడ దింపి, ఆయన ఆఫీసుకి వెళ్ళేవారు. చీర కట్టుకుని ఆ కారెక్కడం అంటే మాటలు కాదు. మొదట్లో కాలు ముందు పెట్టి, తల తలుపుకి కొట్టుకుని, కుచ్చిళ్ళు తొక్కుకుని నానా అవస్థా పడ్డాను. అప్పుడు ఆయనే నేర్పారు. "తొందరపడకు. బయటికి తిరిగి ముందు కూర్చో. తరవాత ఒక్కో కాలూ లోపలికి తెచ్చుకో." దిగేటప్పుడు మాత్రం సాయం కావాలి. కాలేజీ గేటు ముందు ఆయన కారు చుట్టూ తిరిగొచ్చి, చెయ్యందించి నన్ను పైకి లాగేవారు. పిల్లలు చూసి కిసుక్కున నవ్వుకునేవారు. "నా పరువు తీస్తున్నారు" అని రోజూ సణిగేదాన్ని. సణుగుతూనే చెయ్యి పట్టుకునేదాన్ని. నాకు డ్రైవింగు వచ్చు, లైసెన్సూ ఉంది. కానీ ఆ స్టీరింగు మాత్రం ఆయన ఏనాడూ నా చేతికివ్వలేదు. అడిగితే "ఇది అలకలు పోయే కారోయ్, నీ అలకలు దానికి తోడైతే నేను తట్టుకోలేను" అనేవారు.

కిందటేడు చలికాలంలో ఒక పొద్దున షేవింగు చేసుకుంటూ ఉన్నట్టుండి ఆయన కుడిపక్కకి ఒరిగిపోయారు. పక్షవాతం. ప్రాణం దక్కింది, అదే పదివేలు అనుకున్నాం. కుడి చెయ్యీ, కుడి కాలూ బలహీనపడ్డాయి. మనిషికి అన్నీ తెలుస్తాయి, మాట మాత్రం వెంటనే రాదు. ఒక్కో మాట కోసం చాలాసేపు వెతుక్కోవాలి. నాకా, ఓపిక తక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే. ఆయన "నీ..." అనేలోపల "నీళ్ళా? ఇదిగో" అనేదాన్ని. "కి..." అంటే "కిటికీ వెయ్యాలా?" అంటూ లేచేదాన్ని. ఎంత చక్కగా చూసుకుంటున్నానో అని నాలో నేను పొంగిపోయేదాన్ని కూడాను. ఆయన నోట్లో మాట ఆయన్ని పూర్తిగా అననివ్వడం లేదని అప్పుడు నాకు తోచలేదు.

సాయంత్రాలు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. రోహ్‌తక్ పిల్ల, గట్టి గొంతు, గట్టి చేతులు. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి బాల్కనీలో ఉన్న మూఢాని లోపలికి తెచ్చింది. మూఢా అంటే రెల్లుపుల్లలతో అల్లిన కుర్చీపీట, ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. దాని మీద మూడు దిళ్ళు వేసి, ఆయన్ని కూర్చోబెట్టి లేపేది. పదిహేను రోజులకి ఒక దిండు తీసేశారు. ఇంకొన్నాళ్ళకి రెండోది. దానికితోడు ఆయన తన చేతికర్రని మూఢా పక్కన కుడివైపు నేల మీద పడుకోబెట్టేవారు. కూర్చున్నాక, ఎడమచేత్తో కుడి మోకాలు పట్టుకుని ఎత్తి ఆ కర్ర దాటించి, తరవాత ఎడమకాలు దాటించి, అటు తిరిగి కూర్చునేవారు. మళ్ళీ వెనక్కి. మళ్ళీ అటు. చెమటలు కారిపోయేవి.

చూస్తుంటే నాకు భయం వేసేది. నాకు భయం వేస్తే నోరు లేస్తుంది. "ఏమిటండీ ఈ సర్కస్? పడితే ఎవరు లేపుతారు? మళ్ళీ ఆస్పత్రి చుట్టూ తిరగాల్సింది నేనేగా!" అని కర్ర తీసి గోడకి ఆనించేదాన్ని. తీసేసిన దిండు తెచ్చి మళ్ళీ మూఢా మీద వేసేదాన్ని. ఆయన నావైపు చూసి "కా... కా..." అనేవారు. "కాలు నొప్పా? మరి నొప్పెట్టదూ! చాలు ఇవాళ్టికి" అని టీ పెట్టడానికి వెళ్ళిపోయేదాన్ని.

ఈలోగా కారుకి పదిహేనేళ్ళు దగ్గరపడ్డాయి. ఢిల్లీలో పెట్రోలు కారుకి అదే ఆఖరు. ఆ రూలు ఉందంటారు, ఎత్తేశారంటారు, బంకులో పెట్రోలు పొయ్యరంటారు, క్రేను పెట్టి ఎత్తుకుపోతారంటారు, రోజుకో మాట. గడువు దాటకముందే నో అబ్జెక్షన్ కాగితం తీసుకుని వేరే రాష్ట్రం వాళ్ళకి అమ్ముకుంటే కారు బతుకుతుంది, లేకపోతే తుక్కే. అయినా ఇప్పుడు మాకు కావలసింది రోజూ వాడుకునే కారు. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, నేను కాలేజీకి వెళ్ళాలి. క్యాబుల్లో ఎక్కించాలంటే డ్రైవరూ నేనూ చెరో పక్కా పట్టుకుని ఎత్తాలి. అలా ఎత్తుతున్నప్పుడు ఆయన కళ్ళు మూసుకునేవారు. పదకొండేళ్ళు నన్ను చెయ్యిపట్టి పైకి లేపిన మనిషి. ఎవరూ పట్టుకోకుండా తనంతట తను కూర్చునే కారు తేవాలని అప్పుడే మొక్కుకున్నంత గట్టిగా అనుకున్నాను.

అందుకే ఆ టేపు. ఆయన సులువుగా కూర్చుని లేచేది మంచం మీద నుంచి. మంచం ఎత్తు ఇరవై ఒక్క అంగుళాలు. నోయిడాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయిని వెంటేసుకుని ప్రతి ఆదివారం షోరూములు తిరిగాను. సేల్స్ కుర్రాళ్ళు పైకప్పు తెరిచి చూపించేవారు, పాటలు పెట్టి వినిపించేవారు. నేను వంగి కొలుచుకునేదాన్ని.

"మేడమ్‌జీ, ఏం కొలుస్తున్నారు?" అని ఒకడు హిందీలో అడిగాడు.

"మా ఆయన్ని" అన్నాను.

"మమ్మీ, ప్లీజ్ యార్, సబ్ దేఖ్ రహే హైఁ" అని మా అమ్మాయి నా కొంగు లాగింది. చూస్తే చూశారులే అన్నాను. ఒక కారు మరీ ఎత్తు, బస్సెక్కినట్టు ఎక్కాలి. ఇంకోదానికి తలుపు సగమే తెరుచుకుంటుంది. చివరికి ఇరవై ఒకటికి అరంగుళం తేడాలో ఒకటి దొరికింది. తెల్లగా, డబ్బాలా, ఏ ముచ్చటా లేకుండా ఉంది. అదే ఖాయం చేశాను. మా ఆయన్ని ఒక్క షోరూముకీ తీసుకెళ్ళలేదు. ఆయన కోసమే కొంటున్నాను కదా, ఆయన్ని అడిగేదేముంది అనుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. పాత కారు ఆయన పేరు మీద ఉంది, అమ్మాలంటే ఆయన సంతకం కావాలి. ఎదురుగా కూర్చోబెట్టి "అమ్మేద్దామండీ" అనే ధైర్యం నాకు లేకపోయింది. గవర్నమెంటు ఉద్యోగుల ఇళ్ళల్లో మెడికల్ బిల్లుల కాగితాలకి అంతూపొంతూ ఉండదు. నేను గుర్తు పెట్టిన చోటల్లా ఆయన ఎడమచేత్తో వంకరటింకరగా సంతకాలు పెడుతుండేవారు. ఆ కట్ట మధ్యలో అమ్మకం ఫారాలు దూర్చాను. ఆ కాగితం దగ్గర ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నావైపు చూశారు. నేను గబగబా "ఇంకా నాలుగే ఉన్నాయండీ" అన్నాను. పెట్టేశారు.

కొనుక్కున్నాయన చండీగఢ్ నుంచి వచ్చాడు, పెద్దమనిషి. శనివారం పొద్దున మా అమ్మాయి షోరూము నుంచి కొత్త కారు తెచ్చి, వాళ్ళ నాన్నని అందులోనే చెకప్‌కి తీసుకెళ్ళింది. ఆ గంటలో పాతది వెళ్ళిపోవాలని నా ఏర్పాటు. చూస్తే ఆయన బాధపడతారు, చూడకపోతే బాధ ఉండదు అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది. మలుపు తిరిగాక కూడా దాని మోత కాసేపు వినిపించింది. నేను గేటు పట్టుకుని ఏడ్చాను. ఏడ్చి, ముఖం కడుక్కుని, పాయసం చేశాను.

వాళ్ళు తిరిగొచ్చారు. ఆయన ఎవరి సాయం లేకుండా తెల్లకారులోంచి లేచి నిలబడ్డారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా అమ్మాయ్, నా టేపు!" అన్నాను. ఆయన మాత్రం వేపచెట్టు కింద ఖాళీగా ఉన్న చోటునే చూస్తున్నారు. అక్కడ నూనె మరక ఒక్కటే మిగిలింది.

"కా..." అన్నారు.

"అమ్మేశానండీ. చాలా మంచాయన, పువ్వులా చూసుకుంటానన్నాడు. మీరేం బెంగపెట్టుకోకండి. పాయసం చేశాను, రండి" అన్నాను. ఆయన వచ్చి కూర్చున్నారు. పాయసం పూర్తిగా తిన్నారు.

సాయంత్రం ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. లోపలికి వస్తూనే "ఆంటీ, వో నీచీవాలీ గాడీ కహాఁ గయీ?" అంది. ఆ నేలబారు కారు ఏమైందని. అమ్మేశామన్నాను. ఆ పిల్ల ముఖం మాడిపోయింది. హిందీలో గబగబా ఏదేదో చెప్పింది. నిన్న అంకుల్ దిండు లేకుండా మూఢా మీద నుంచి పదిసార్లు లేచారట. ఇవాళ కిందికి తీసుకెళ్ళి ఆ కారులో కూర్చోబెడతానని తను మాటిచ్చిందట. మూడు నెలల నుంచీ ఇద్దరూ దీని కోసమే కష్టపడుతున్నారట. "అంకుల్‌నే బోలా థా, ఆంటీకో సర్‌ప్రైజ్ దేంగే" అంది. ఇవాళ కూర్చుని చూపించి ఆంటీని ఆశ్చర్యపరుద్దామని అంకులే అన్నారట.

హ్యాండ్‌బ్యాగులోంచి టేపు తీశాను. ఎందుకు తీశానో నాకే తెలీదు. ఆయన ముందు, ఆ అమ్మాయి ముందు, నేల మీద కూర్చుని మూఢా కొలిచాను. పద్నాలుగు అంగుళాలు. దాని పక్కన చేతికర్ర ఎప్పటిలా పడుకోబెట్టే ఉంది. ఈసారి దాన్ని తియ్యబుద్ధి కాలేదు. బయటికి తిరిగి ముందు కూర్చోవడం, తరవాత ఒక్కో కాలూ కారు గుమ్మంలాంటి ఆ కర్ర దాటించి లోపలికి తెచ్చుకోవడం. నాకు ఆయన నేర్పిన పద్ధతే. నేను సర్కస్ అన్నది దాన్ని.

ఇంకొకటి అప్పుడు తట్టింది. ఆ కర్ర కుడివైపు ఉంది. డ్రైవరు సీట్లో కూర్చునేవాడు ఎడమకి తిరగాలి. కుడికి తిరిగేది పక్కసీటు వాళ్ళు. మూడు నెలలు ఆయన చెమటోడ్చింది నా సీట్లో కూర్చోవడానికి.

"అంటే... నన్ను నడపమనా?" అని అడిగాను. ఆయన తల ఊపారు. ఎడమచెయ్యి ఎత్తి, వేలితో గాలిలో ఒక చుట్టు చుట్టారు. ఒక్క రౌండు.

మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళ నాన్నతో "పాపా, ఆ చండీగఢ్ అంకుల్‌కి ఫోన్ చెయ్యనా? కారు వాపస్ తెచ్చేద్దాం" అంది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

నాకు దుఃఖం ఆగలేదు. దుఃఖం వచ్చినా నాకు నోరే లేస్తుంది. "ఒక్క మాట చెప్పొచ్చు కదండీ! ఒక్క మాట చెప్తే నేను అమ్ముతానా? నాకెలా తెలుస్తుంది?" అని అరిచాను. ఆయన పెదాలు కదిలాయి. మాట కోసం వెతుక్కుంటున్నారు. నేను అందించబోయి, చేత్తో నా నోరు నేనే మూసుకున్నాను. అంతసేపు ఆయన మాట కోసం నేను ఆగడం జబ్బు చేశాక అదే మొదలు.

"చె... చెప్తూనే... ఉన్నా" అన్నారు.

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.