గ్రాంథికంలో వచ్చిన సంబంధం

హరిప్రసాద్ కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. జంషెడ్‌పూర్ పక్కన గోవింద్‌పూర్‌లో ట్రక్కుల కార్ఖానాకి సామాన్లు పంపే ఒక కాంట్రాక్టరు దగ్గర ఇరవై ఏళ్లుగా అతని ఉద్యోగమే అది. పోతపోసిన ప్రతి ఇనుప ముక్కనీ చిన్న సుత్తితో కొట్టి చెవి ఒగ్గి వింటాడు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే లోపల పగులున్నట్టు. ఖర్మ, ఆ అలవాటు మనుషుల మీదకీ పాకింది. నలభై ఒకటి నిండినా వచ్చిన ప్రతి సంబంధంలోనూ ఏదో పగులు వినిపించి వదిలేశాడు. ఒకామె మరీ నవ్విందన్నాడు, ఇంకొకామె అసలు నవ్వలేదన్నాడు.

ఆఖరికి వదిన పైడమ్మ విసిగిపోయి, బిర్సానగర్‌లో ఉండే శైలజ నంబరు అతని చేతిలో పెట్టింది. ఇదీ తప్పిపోతే తన దగ్గర ఇంక పెళ్లి మాట ఎత్తొద్దని తెగేసి చెప్పింది. శైలజకి ముప్పై ఎనిమిదేళ్లు, రక్తపరీక్షలు చేసే ల్యాబులో కౌంటర్ దగ్గర పని.

రెండు నెలలు మెసేజీలు నడిచాయి. తంటా అక్కడే వచ్చింది. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాళ్లు ఇంట్లో ఎంత ధాటిగా మాట్లాడినా, చదివింది హిందీలో కాబట్టి తెలుగు రాయమంటే నీళ్లు నములుతారు. అక్కడి తెలుగు సంఘం వాళ్ల ఆదివారం క్లాసుల పుణ్యమా అని హరిప్రసాద్ కూడబలుక్కుని చదవగలడు, అంతే. అలాంటిది శైలజ నుంచి 'మీరు కుశలమని తలంచుచున్నాను' అని వచ్చేది. బిర్సానగర్‌లో తలంచేవాళ్లు ఎవరండీ? ఇది ఏఐ రాతేనని అతనికి రూఢి అయిపోయింది. తన మీద మనసు లేకనే పని మిషనుకి అప్పజెప్పిందనుకున్నాడు. చిత్రమేమిటంటే, ఆ మెసేజీ రాని రోజు అతనికి అన్నం సయించేది కాదు.

తేల్చేద్దామని ఆదివారం మ్యాట్నీకి పిలిచాడు. సినిమా కూడా కావాలనే ఎంచాడు. మాట్లాడే కంప్యూటర్‌ని ప్రేమించిన కుర్రాడి కథ, హిందీ కామెడీ. తెర మీద కుర్రాడు కంప్యూటర్‌కి పూలు తెస్తుంటే హాలంతా పడీ పడీ నవ్వింది. హరిప్రసాద్ తెర చూస్తేగా, పక్క సీటు ముఖం చూస్తున్నాడు. ఆమె నవ్వలేదు. దొరికింది దొంగ అనుకున్నాడు.

ఇంటర్వెల్లో సమోసాల పొట్లం ఆమె చేతికిచ్చి అడిగేశాడు.

"ఆ మెసేజీలు రాత్తన్నది ఎవులు?"

"మిసిను," అంది శైలజ తడుముకోకుండా. "నాకు తెలుగు రాయడం రాదు కదా."

తర్వాత తన అనుమానం కూడా బయటపెట్టింది. రెండు నెలలుగా అతని జవాబు ఒకటే, 'బాగున్నాను. మీరు?' మనిషన్నవాడు రోజూ అదే ముక్క రాస్తాడా? ఫోనే దానంతటది జవాబిస్తోందని ఆమె నమ్మకం. ఇష్టం లేని మనిషిని పట్టుకుని వేలాడటం ఎందుకని, సినిమా అయ్యాక వద్దని చెప్పేసి వెళ్దామనే వచ్చిందట.

ఆ రెండు మాటలూ తప్పుల్లేకుండా రాయడానికి పాపం హరిప్రసాద్‌కి రోజూ పావుగంట పట్టేది.

నమ్మకపోతే చూసుకోమని ఆమె తన ఫోను ఇచ్చింది. మిషనుకి ఆమె చెప్పిందంతా అందులో ఉంది. ఇంటి మాటే, హిందీ అక్షరాల్లో. అతని కళ్లు గబగబా పరుగెత్తి ఒకచోట ఆగిపోయాయి. పోయిన నెల కొలిమి దగ్గర అతని చెయ్యి కాలింది. పైడమ్మ ద్వారా ఆ సంగతి తెలిసిన మర్నాడు రాసింది అది.

'ఆయన సెయ్యి కాలిందట. నిన్నట్నుంచి నాకు ముద్ద దిగట్లేదు. అది మాత్రం రాయకు, సులకనైపోతాను. తగ్గిపోవాలని మర్యాదగా రాయి.'

మిషను చెప్పినట్టే మర్యాదగా రాసింది, 'మీ హస్తము త్వరితముగా స్వస్థత పొందుగాక' అని. అది చదివి ఆ రోజు హరిప్రసాద్ మొహం చిట్లించుకుని, ఎప్పటిలాగే బాగున్నానని జవాబు పెట్టాడు.

గంట మోగి జనం లోపలికి పోతున్నారు. అతను కదల్లేదు.

"ఆ రోజు నాను బాగోలేదండి," అన్నాడు. "ఎవులైనా అడిగితే బాగుణ్ణనిపించింది."

"మరదే రాయకపోయారేటి?"

"నాకూ అదే బయం. సులకనైపోతానని."

వద్దని చెప్పడానికి వచ్చిన శైలజ, సమోసాల పొట్లం పక్కన పెట్టి, చెయ్యి ఎక్కడ కాలిందో చూపించమంది.